రానోళ్ళ గది

మా అబ్బాయి తెనాలి శివార్లలో ఇల్లు కట్టుకుంటున్నాడు. మొన్న ఆదివారం ఆరాధన అయి వచ్చాక, ఇంజనీరు పంపిన ప్లాను ఫోనులో పెద్దది చేసి నా ముందు పెట్టాడు. ముందు డ్రాయింగ్ రూము, దాని పక్కన తలుపు వేసి విడిగా డైనింగ్ రూము, తర్వాత పడకగదులు, అన్నిటికీ వెనక మూలకి ఒదిగి వంటగది. కోడలికి అది నచ్చలేదు. ఏడాదికోసారి వచ్చే చుట్టాల కోసం సగం ఇంటికి తాళం వేసి పెట్టుకోవడమేంటని ఆమె వాదన. వచ్చినవాళ్ళని పోపు ఘాటులో కూర్చోబెడతామా అని వాడి వాదన. చివరికి కోడలే అంది, "అత్తయ్య లైబ్రరీ అంతా చదివారుగా, ఆవిణ్ణే చెప్పమందాం."

ఆ మాటంటే నాకు లోపల గర్వంగానే ఉంటుంది. ఏడో తరగతి మధ్యలో బడి మానేసిన దాన్ని. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం బల్లల దగ్గర నేర్చుకున్నదే. పెళ్ళయి తెనాలి వచ్చాక, పిల్లల్ని బడికి పంపి, మధ్యాహ్నం మూసేలోగా వెళ్ళి ఏ పుస్తకం దొరికితే అది చదివాను. చరిత్ర, వైద్యం, నౌకాయానం, తేనెటీగల పెంపకం, దేన్నీ వదల్లేదు. అందుకని మర్నాడు కూడా వెళ్ళి ఇళ్ళ గురించి ఉన్న పుస్తకాలన్నీ తీయించుకుని కూర్చున్నాను. మన మండువా ఇళ్ళలో సావిడి మగవాళ్ళకీ వచ్చేపోయేవాళ్ళకీ, ఆడవాళ్ళకి వెనక వసారా. చలిదేశాల్లో అయితే ముందుగదికి తెరలు దించేసి, పెళ్ళికో చావుకో తప్ప తెరిచేవారు కాదట. ఏ దేశం చూసినా మనిషి ఇంటి ముందు భాగం పరాయివాళ్ళకి వదిలేసి, వెనక భాగంలో తను ఇరుక్కున్నాడు. ఎందుకలా అన్నది మాత్రం ఏ పుస్తకమూ నాకు సరిగా చెప్పలేదు.

పుస్తకాలు తిరిగి ఇచ్చేసి బయటికొచ్చానే గాని, ప్లానులోని ఆ వెనక మూల గది నన్ను వదల్లేదు. వాడికి ఏం చెప్పాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

మాది రేపల్లె దగ్గర కాలవ గట్టున ఉన్న ఊరు. ఊరు వేరు, మా పేట వేరు. మా తాత ఊళ్ళో పెద్ద కామందు గారి దగ్గర పాలేరు. నాన్న చిన్నప్పుడు తాతకి సద్దిబువ్వ తీసుకెళితే, ఆ ఇంటి వెనక పశువుల కొట్టం పక్కన ఆకులో కూర పడేసేవారట. ఆ నాన్నే తర్వాత బాపట్లలో హాస్టల్లో ఉండి ట్రైనింగు పూర్తిచేసి, మా ఊరి బళ్ళోనే మేస్టారయ్యాడు. ఉద్యోగంలో చేరిన రోజున కామందు గారికి కనబడి రావాలని వెళితే, ఆయన అరుగు మీద నలుగురిలో కూర్చుని, "మేస్టారువయ్యావు, సంతోషం. రేపు మేం మీ ఇంటికొస్తే ఎక్కడ కూర్చోబెడతావయ్యా?" అన్నాడట. అందరూ నవ్వారట. నాన్న కూడా నవ్వి వచ్చేశాడట.

ఆ నవ్వులోంచి లేచింది మా ఇల్లు.

బాపట్లలో హాస్టలు వార్డెను గారి ఇంట్లో నాన్న ఒక గది చూశాడు. మధ్యలో పెద్ద బల్ల, చుట్టూ కుర్చీలు, తెల్లటి గుడ్డ, అద్దాల బీరువాలో పూల గ్లాసులు. అచ్చం అలాంటి గది మా పేటలో కట్టాడు. ఇల్లంతటికీ పెంకులు వేసి, ఆ ఒక్క గదికి డాబా పోయించాడు. ఎర్రసిమెంటు గచ్చు, కాలవ వైపు నిలువెత్తు కిటికీ. బల్లా కుర్చీలూ తెనాలి వడ్రంగి చేశాడు. అవి పడవలో మా రేవుకొచ్చిన రోజున పేట మొత్తం గట్టు మీదే ఉంది. మా చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి, ఈ బల్ల దగ్గర కూర్చునేవాళ్ళని దీవించమని దేవుణ్ణి అడిగాడు. ఆయనకి కూడా ఆ రోజు భోజనం వసారాలోనే పెట్టాడు నాన్న. ఆ బల్ల మీద మొదటి విస్తరి ఎవరిదో నాన్న ముందే అనుకున్నాడు.

నాన్న దాన్ని డైనింగ్ హాలు అనేవాడు. నాయనమ్మకి నోరు తిరక్క 'డైలింగాలు' అనేది. కొన్నాళ్ళకి ఆ పేరూ మానేసి 'రానోళ్ళ గది' అనడం మొదలుపెట్టింది. "ఒరేయ్, రానోళ్ళ గది ఊడ్పించావా?" అని నాన్ననే అడిగేది. 

ఆ గది వాసన నాకిప్పటికీ గుర్తే. వార్నీషు, కలరా ఉండలు, ఉతికి గంజిపెట్టిన గుడ్డ. తాళం నాన్న జేబులో ఉండేది. కిటికీకి అడుగున ఒక ఊచ వదులుగా ఉందని కనిపెట్టి నేను దూరేదాన్ని. బల్ల కింద గచ్చు మీద బోర్లా పడుకుంటే పొట్ట చల్లగా ఉండేది. బీరువాలో వచ్చేవాళ్ళ కోసం దాచిన క్రీం బిస్కెట్ల డబ్బా ఉండేది. రెండు బిస్కెట్లూ విడదీసి, మధ్యలో తీపి నాకేసి, మళ్ళీ అతికించి పెట్టేదాన్ని. ఎప్పుడైనా ఎవరైనా తింటే కదా తెలిసేది. కుర్చీలో కూర్చుని, కామందు గారి గొంతుతో "కూర భలేగుంది మేస్టారూ" అని నాకు నేనే చెప్పుకునేదాన్ని.

మా బతుకంతా ఇంటి వెనక జరిగేది. గోడకి ఆనించి దించిన తాటాకు పంచే మా వంటిల్లు. అందులో ఊక పొయ్యి, జీలుగు కంప పొయ్యి. జీలుగు కంప పచ్చిగా ఉంటే మంట రాదు, పొగే వస్తుంది. దాని పక్కన చిన్న గదిలోనే నాయనమ్మ, అమ్మ, నేను పడుకునేవాళ్ళం. నాన్న భోజనమూ పడకా వసారాలో. అమ్మ కంచం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, తిన్నాక తీసుకొచ్చేది. మగవాళ్ళు పొయ్యి దగ్గరికి రావడం మా ఇళ్ళలో లేదు. నాన్న ఆ పంచలోకి వంగి రావడం నేను చూడలేదు.

అమ్మకి ఉబ్బసం. నాకు ఊహ తెలిసేసరికే ఆమె రొమ్ములో పిల్లికూతలు వినపడేవి. అడ్డసరం ఆకు కషాయం, మిరియాలు, వేడివేడి ఉలవచారు, ఎవరేం చెబితే అది చేశాం. రేపల్లె డాక్టరు సూది వేసి, పొగకి దూరంగా ఉంచాలనీ, గాలి వచ్చే చోట పడుకోబెట్టాలనీ చెప్పాడు. వెంట వెళ్ళిన నాయనమ్మ ఇంటికి రాగానే అదే మాట నాన్నకి చెప్పింది. గాలి వచ్చే చోటు ఇంట్లో ఒక్కటే. అది అందరికీ తెలుసు.

నాన్న చెడ్డవాడు కాదు. జీతం రోజున రేపల్లె నుంచి అమ్మకి బత్తాయిలు తెచ్చేవాడు. రెండో పంచ వేయిస్తానన్నాడు, పొయ్యి పెరట్లోకి మారుస్తానన్నాడు. కానీ ఆ గదిలో చాప వేయడం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఒక్కసారి చాప పడిందంటే తర్వాత దుప్పటి వస్తుంది, మందుసీసా వస్తుంది, ఉమ్మి వేసే చిప్ప వస్తుంది. రేపు కామందు గారు గుమ్మంలో నిలబడి అవన్నీ చూస్తే, వీళ్ళకి బల్లలెందుకు, కుర్చీలెందుకు అనుకుని నవ్వుకుంటూ పోతాడు. ఆ నవ్వు రెండోసారి వినే శక్తి నాన్నకి లేదు. ఇదంతా నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలిసిందల్లా తలుపుకి తాళం ఉందని, గోడకి ఇవతల అమ్మకి ఊపిరి ఆడటం లేదని.

ఒకసారి బళ్ళో కొత్త గదికి కామందు గారే రిబ్బను కత్తిరించాడు. నాన్న ధైర్యం చేసి, మా ఇంటికి ఒక్కసారి రావాలండి అన్నాడు. ఆయన వస్తాలే మేస్టారూ అన్నాడు. నిజంగానే వచ్చాడు.

ఆ రోజు కోసం నాటుకోడి, గారెలు, సేమ్యా పాయసం. అమ్మ తెల్లారగట్ట నుంచి పొయ్యి దగ్గరే. మినప్పప్పు రుబ్బుతూ మధ్యలో ఆగి, రోలు అంచు పట్టుకుని, ఊపిరి తిరిగాక మళ్ళీ రుబ్బేది. నాయనమ్మ పొత్రం లాక్కోబోతే ఇవ్వలేదు. నాన్న తాళం తీసి, కుర్చీలు తుడిచి, గుడ్డ పరిచి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తిరుగుతున్నాడు.

కామందు గారు మోటారుసైకిలు దిగి పందిట్లోకి వచ్చాడు. గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, "భలే కట్టావయ్యా, మా ఇంట్లో కూడా ఇట్టాంటి బల్ల లేదు" అన్నాడు. నాన్న కుర్చీ వెనక్కి లాగి పట్టుకున్నాడు. ఆయన గడప దాటలేదు. ఇంటి దగ్గర టిఫిన్ గట్టిగా చేసి వచ్చాననీ, ఆకలి లేదనీ, మరీ అంత బలవంతం చేస్తే ఒక సోడా తెప్పించమనీ అన్నాడు.

గోళీసోడా వచ్చింది. సీసా అమ్మ చేతిలో పడింది. అంత పెద్దమనిషికి, అంత ఆశపడిన రోజున, సీసా చేతికివ్వడం మర్యాద కాదనుకుంది అమ్మ. బీరువాలోంచి పూల గ్లాసు తీసి, బూడిదతో తోమి, కడిగి తుడిచి, సోడా అందులో పోసి, పళ్ళెంలో పెట్టి నాతో పంపించింది.

ఆయన గ్లాసు వంక చూశాడు. ముఖంలో నవ్వు నవ్వుగానే ఉంది. "అయ్యో, సీసాతోనే ఇవ్వలేకపోయారా" అన్నాడు. గొంతు బాగాలేదంటూ దాన్ని పిట్టగోడ మీద పెట్టి, బండెక్కి వెళ్ళిపోయాడు.

ఏం తప్పు జరిగిందో అమ్మకి అర్థం కాలేదు. బాపట్లలో టీచరమ్మ కూతురుగా పెరిగిన మనిషి ఆమె, ఊరి పద్ధతులు అన్నీ తెలియవు. నాయనమ్మ చెప్పింది. "సీసాకి మైల ఉండదే అమ్మాయ్. అరటిపండుకి ఉండదు, కొబ్బరిబొండానికి ఉండదు. మన గ్లాసుకి ఉంటది."

గారెలు పేట పిల్లలు తిన్నారు. నాన్న ముట్టలేదు. అమ్మని ఒక్క మాట కూడా అనలేదు, దానికే నాకు భయమేసింది. సాయంత్రం ఆయన మళ్ళీ తాళం వేస్తుంటే అమ్మ వెళ్ళి పక్కన నిలబడింది. అంతవరకు తన నోటితో ఎప్పుడూ అడగలేదు.

"ఏవండీ, ఆ కిటికీ దగ్గర ఈ ఒక్కపూట పడుకోనా? తెల్లారేలోగా చాప తీసేస్తా."

"ఇవాళా? ఇవాళే అడగాలా నువ్వు?"

"ఊపిరి ఇవాళే ఆడటం లేదండి."

నాన్న తాళంకప్ప నొక్కి, ఒకసారి లాగి చూశాడు. "అది కూడా మామూలు కొంపైపోతే ఆయన అన్నమాటే నిజమైపోద్ది" అన్నాడు. ఆ గొంతు బతిమాలుతున్నట్టుంది. అమ్మ సరేనని తలూపి వెనక్కొచ్చింది. అంతే, మళ్ళీ అడగలేదు. నాయనమ్మ ఆ రాత్రంతా దేవుణ్ణి తిట్టింది. ప్రార్థన చేస్తున్నట్టు మోకాళ్ళ మీద కూర్చునే తిట్టింది.

వానాకాలం వచ్చేసరికి అమ్మ ఎండిపోయింది. పడుకుంటే ఊపిరి అందదు, కూర్చుంటే వీపు నిలవదు. గుంజ పట్టుకుని నిలబడి ఉండేది. నిలబడే కునికేది. కంప తడిసిపోయి పొయ్యి అసలు మండేది కాదు, ఊదీ ఊదీ ఆమె కళ్ళు చింతనిప్పుల్లా ఉండేవి. పొయ్యి నేను చూసుకుంటానంటే, బడి పోతుందని నన్ను తరిమేసేది. ఒకరోజు పెద్ద వానలో వంటపంచ తాటాకు ఒక పక్కకి ఒరిగిపోయింది. నాయనమ్మ కేకకి నాన్న పెరట్లోకి పరిగెత్తుకొచ్చాడు. నాయనమ్మ బయటికి లాక్కొచ్చిన అమ్మ పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఆమెకి మాట రావడం లేదు.

నాన్న ఆమెని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. తాళం తీయడానికి చేయి ఖాళీ లేక, జేబులోంచి తీయమని నాతో అన్నాడు. నేను తీశాను. బల్ల తలవైపు కుర్చీలో ఆమెని కూర్చోబెట్టాడు. ఆమె రెండు మోచేతులూ బల్ల మీద ఆనించి, ముందుకు వంగి, తల చేతుల మీద వాల్చింది. కాసేపటికి కూతలు తగ్గాయి. ఇంకాసేపటికి నిద్రపోయింది. కిటికీలోంచి కాలవ గాలి వచ్చి ఆ తెల్లగుడ్డ అంచులు కదులుతున్నాయి.

చాలా ఏళ్ళ తర్వాత ఒక వైద్యపుస్తకంలో చదివాను. ఉబ్బసం ఉన్నవాళ్ళకి వెల్లకిలా పడుకోవడం కష్టం; ఎత్తైన బల్ల మీదకి మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంటే ఊపిరి అందుతుంది. పక్కన బొమ్మ కూడా వేశారు. అచ్చం మా అమ్మ కూర్చున్నట్టే కూర్చుంది ఆ బొమ్మలో మనిషి. గ్రంథాలయం మూసేస్తున్నామమ్మా అని పిలిచేదాకా ఆ పేజీ దగ్గరే ఉండిపోయాను. ఆ బల్ల మా ఇంట్లో ఎన్నాళ్ళుగా ఉంది! ఎన్నాళ్ళుగా!

అప్పటినుంచి అమ్మ ఆ గదిలోనే ఉంది. దుప్పటి వచ్చింది, మందుసీసా వచ్చింది, చిప్ప వచ్చింది. నాన్న భయపడ్డవన్నీ వచ్చాయి. ఆ చిప్ప నాన్నే కడిగేవాడు. అమ్మ మాత్రం దగ్గొస్తే గచ్చు మీద తుంపర పడుతుందేమోనని కొంగు అడ్డం పెట్టుకునేది. గుడ్డ ముడత పడితే సవరించేది. "ఇన్నాళ్ళకి ఈ గదికి ఓ మడిసొచ్చింది" అంది నాయనమ్మ. గది దొరికింది గనక అమ్మ బతుకుతుందని నేను గట్టిగా నమ్మాను. రోజూ బడినుంచి వచ్చి, బల్ల పక్కన నిలబడి ఆమె ఊపిరి వినేదాన్ని.

వానలు వెనకబట్టాక పంచాయతీ ఎన్నికలొచ్చాయి. కామందు గారు ప్రెసిడెంటుకి నిలబడ్డాడు. ఒక మధ్యాహ్నం మెళ్ళో దండతో, వెనక డప్పుతో, ఇరవైమంది దాకా జనంతో మా పందిట్లోకి వచ్చాడు. నేను లోపల అమ్మకి విసురుతున్నాను. నాన్న బయటికి వెళ్ళి, తన వెనక ఆ గది తలుపు దగ్గరగా వేశాడు.

"మేస్టారూ, ఇవాళ మీ ఇంట్లోనే భోజనం. ఆ బల్ల మీదే" అన్నాడాయన, అందరికీ వినపడేట్టు.

 విసనకర్ర నా చేతిలో ఆగిపోయింది.

"కూర్చోడానికి చోటు లేదండి."

"అంత గది పెట్టుకుని చోటు లేదంటావేంటయ్యా?"

"లేదండి. మా ఆవిడ పడుకుంది."

జనంలో ఎవరో నవ్వారు. ఎవరో మేస్టారికి పొగరెక్కిందన్నారు.  డప్పు పక్కింటి వైపు వెళ్ళిపోయింది.

తలుపు తీసేసరికి అమ్మ లేవడానికి పెనుగులాడుతోంది. ఒక చేత్తో మందుసీసా దాస్తోంది, ఒక చేత్తో గుడ్డ సరిచేస్తోంది. "రమ్మనండి... నేను వెనక్కెళతా... ఇన్నాళ్ళకి..." మిగతా మాట ఊపిరిలో పోయింది.

నాన్న ఆమె భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు. "లేవమాక" అన్నాడు. "నువ్వు లేవమాక."

అమ్మ బతకలేదు. క్రిస్మస్ నక్షత్రాలు కట్టే రోజులు రాకముందే, ఒక మధ్యాహ్నం ఆ బల్ల మీదే తల వాల్చి మళ్ళీ ఎత్తలేదు. లోపల అంతా అప్పటికే పాడైపోయిందని డాక్టరు అన్నాడు. కొంచెం ముందు తెచ్చుంటే అన్నాడు. ఎక్కడికి ముందు తెచ్చుంటే? ఆసుపత్రికా, ఆ గదిలోకా? 

మా అబ్బాయికి ఇవేవీ చెప్పలేదు. వంటగదికి పెద్ద కిటికీ పెట్టించరా, దాన్ని గాలివైపు తిప్పరా అన్నాను. "చిమ్నీ పెడతాంగా అమ్మా, ఎందుకంత కంగారు" అని నవ్వాడు. డ్రాయింగ్ రూము సంగతి చెప్పమని మళ్ళీ అడిగాడు.  వద్దంటే మా నాన్న కట్టిన గదిని నేనే పడగొట్టినట్టుంటుంది. ఆయనకి ఆ గది ఎందుకు కావాల్సి వచ్చిందో నాకు తెలుసు, అది చిన్న అవసరం కాదు. కట్టుకోమంటే, గుంజ పట్టుకుని నిలబడిన అమ్మ కళ్ళముందు కదులుతుంది. ఇన్ని పుస్తకాలు చదివి ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోలేకపోయాను.

అమ్మని సమాధి చేశాక పెట్టిన ఆదరణ కూడిక రోజున మా ఇల్లు నిండిపోయింది. బాపట్ల నుంచి అమ్మ తరఫువాళ్ళు, బడి మేస్టార్లు, సంఘం పెద్దలు. కుర్చీలన్నిట్లో మనుషులే. బల్ల చుట్టూ కూర్చుని భోజనాలు చేస్తున్నారు, పూల గ్లాసుల్లో నీళ్ళు తాగుతున్నారు. అయ్యగారు మేస్టారెక్కడని అడిగితే నేను ఇల్లంతా వెతికాను. నాన్న వెనక పంచలో ఉన్నాడు. బంధువులు అన్నం వండిన పొయ్యిలో పచ్చి కంప ఇంకా రగులుతోంది. ఆయన పొయ్యి ముందు, అమ్మ కూర్చునే పీట మీద, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. పొగ ముఖం చుట్టూ తిరుగుతున్నా పక్కకి జరగడం లేదు. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి.

అయ్యగారు రమ్మంటున్నారు నాన్నా అన్నాను. ఆయన లేవలేదు.

"ఇంత పొగ ఉంటదని నాకు తెలవదే అమ్మా" అన్నాడు.